డెక్ గన్ కోసమే ఆడుతున్నాను: పాత యూ-బోట్ ఆటపై సమీక్ష

రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ జలాంతర్గామి (యూ-బోట్) నడిపే ‘సైలెంట్ హంటర్ 3’ అనే ఈ కంప్యూటర్ ఆట 2005లో వచ్చింది. ఏళ్ల తరబడి ఆడుతున్నాను. టార్పెడో (నీటిలో దూసుకెళ్లి ఓడను పేల్చే ఆయుధం) లెక్కల గురించి చాలామంది రాశారు కాబట్టి, కాన్నింగ్ టవర్ (పడవ మధ్యలో పైకి లేచి ఉండే బురుజు) ముందుండే 88 మిల్లీమీటర్ల డెక్ గన్ సంగతే చెబుతాను.

టైప్ 7సి రకం జలాంతర్గామి పడవలో టార్పెడోలు 14 మాత్రమే. ఒంటరిగా పోతున్న చిన్న సరుకు ఓడ మీద ఒకటి ఖర్చు చేయడానికి మనసొప్పదు. గన్‌కు గుండ్లు 200 పైచిలుకు ఉంటాయి కదా! సిబ్బందికి అప్పగించవచ్చు గానీ, నాకు స్వయంగా గురిపెట్టడమే ఇష్టం. గురిచూసే అద్దంలో ఓడ లేస్తుంది, జారుతుంది. మన పడవ ఊగి పైకొచ్చి లిప్తపాటు నిలిచేచోట పేల్చాలి. ఒక గుండు ఓడకు ఇవతల పడి నీళ్లు ఎగుస్తాయి, ఇంకొకటి దాటిపోతుంది, ఆ తర్వాతది సరిగ్గా నీటిగీత దగ్గర తగులుతుంది. ఆ తృప్తే వేరు.

అయితే ఆటలో గన్ మరీ మర్యాదస్తురాలు. అసలు డెక్కు మీద ఆ బతుకు వేరు. అడ్డుగా కవచం లేదు, అలలకు కొట్టుకుపోకుండా నావికులు తాళ్లు కట్టుకునేవారు, గుండ్లు కింది నుంచి చేతులు మారుతూ పైకి రావాలి. నీళ్లు చొరబడకుండా గొట్టం మూతికి ఒక బిరడా ఉండేది. 1942 ఫిబ్రవరి 16న కరీబియన్ దీవి అరూబాలోని చమురు శుద్ధి కర్మాగారంపై కాల్పులకు దిగిన యూ-156 అనే జర్మన్ జలాంతర్గామి సిబ్బంది దాన్ని తీయడం మరిచారు. మొదటి గుండుకే గొట్టం చిట్లి ఒక నావికుడు చనిపోయాడు, గన్ కాల్పులు చూసే అధికారి కాలు పోయింది. తర్వాత చెడిన ముక్కను రంపంతో కోసేసి, ఆ పొట్టి గన్‌తోనే ఓడలు ముంచారు! అది పెద్ద పడవ, 105 మిల్లీమీటర్ల గన్. ఆటలో బిరడా బెడదే లేదు.

జర్మన్ సైన్యం నేల మీద వాడిన పేరుమోసిన 88 మిల్లీమీటర్ల విమాన విధ్వంసక గన్నే టైప్ 7సి డెక్ గన్ అని చాలామంది అనుకుంటారు. కాదు, దాని గుండ్లు దీనికి పట్టవు.

ఆటలో 1943 దాటాక నేను డెక్ గన్ జోలికి పోను. విమానం ఎప్పుడు మీద పడుతుందో తెలియదు. నిజంగానూ అట్లాంటిక్‌లో తిరిగే చాలా పడవల నుంచి ఆ కాలంలోనే డెక్ గన్లు పీకేశారు. యుద్ధం తర్వాత కట్టిన విశాఖ మ్యూజియం జలాంతర్గామి కురుసుర డెక్కు మీదా అది కనిపించదు.

కొత్తగా కొనేవారు దృశ్యాన్ని ఊగకుండా నిలిపే సెట్టింగును తప్పకుండా తీసేయండి. అది ఉంటే డెక్ గన్ పేల్చడంలో పనేమీ మిగలదు.