ఆయిల్ ప్రెషర్ టెస్ట్ గేజ్ కిట్: ఏళ్ల తరబడి వాడాక

డ్యాష్‌బోర్డులో ఆయిల్ ప్రెషర్ ముల్లు పడిపోతే చాలా షెడ్లలో ముందు చేసే పని కొత్త సెండర్ (ఇంజిన్‌లోని ప్రెషర్‌ను పసిగట్టి మీటరుకు కబురు పంపే భాగం) తెప్పించి బిగించడం. ముల్లు లేస్తే బండి ఇచ్చేస్తారు, లేవకపోతే మీటరు మారుస్తారు. ఇంజిన్‌లో అసలు ప్రెషర్ ఎంతుందో ఎవరూ చూడరు. ఈ కిట్ చూపించేది సరిగ్గా ఆ అంకెనే. పాత జీపులు, డీజిల్ ఎస్‌యూవీలు, పెట్రోలు కార్లు అన్నింటి మీదా వాడాక గట్టిగా చెప్పగలిగేది ఒకటి: సెండర్ కంటే ముందు కొనాల్సింది ఇదే.

మేము వాడేది పెద్ద పేరున్న సెట్టేమీ కాదు. ప్లాస్టిక్ పెట్టెలో 10 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) దాకా చూపించే డయల్, ఒకటిన్నర మీటరు హోస్, కొన్ని ఇత్తడి అడాప్టర్లు. డయల్ లోపల వంపు తిరిగిన బోర్డన్ గొట్టం ఉంటుంది. ప్రెషర్ ఎక్కేకొద్దీ అది విచ్చుకుని ముల్లును తిప్పుతుంది. వైరు, ఎర్త్, కరెంటు దేనితోనూ పని లేదు కాబట్టే దీని మాట నమ్మొచ్చు.

అడాప్టర్ల దగ్గర మాత్రం తొందరపడకూడదు. జపాన్ ఇంజిన్లలో, మారుతీతో సహా, ఎక్కువగా 1/8 బీఎస్‌పీటీ (బ్రిటిష్ పైపు కొలత) థ్రెడ్ ఉంటుంది. అమెరికన్ ఇంజిన్లలో 1/8 ఎన్‌పీటీ (అమెరికన్ పైపు కొలత), జర్మన్ వాటిలో తరచుగా ఎం10 (10 మిల్లీమీటర్ల మెట్రిక్ థ్రెడ్). మొదటి రెండూ కంటికి ఒకేలా కనిపిస్తాయి. కానీ అంగుళానికి ఒకదానికి 28 చుట్లు, రెండోదానికి 27. తప్పు అడాప్టర్ కూడా చేత్తో రెండు చుట్లు బాగానే తిరిగి పట్టేస్తుంది. అక్కడ పానా వేశారంటే బ్లాకులో థ్రెడ్ పోతుంది. విప్పిన పాత సెండర్ థ్రెడ్‌నూ అడాప్టర్ థ్రెడ్‌నూ పక్కపక్కన ఆనించి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది. మా సెట్లో బీఎస్‌పీటీ అడాప్టర్ రాలేదు, విడిగా కొనాల్సి వచ్చింది. మన రోడ్ల మీద తిరిగే కార్లకు ఎక్కువ అవసరమయ్యేది అదే కనుక ఇది పెద్ద లోటు.

వాడే పద్ధతి కష్టమేమీ కాదు. సెండర్ చుట్టూ మట్టి, జిడ్డు బ్రష్‌తో శుభ్రం చేయాలి, లేకపోతే ఆ ఇసుక నేరుగా ఆయిల్ దారిలోకి పోతుంది. ఇంజిన్ ఆపి, కింద గుడ్డ పెట్టి, 24 లేదా 27 సైజు లోతైన సాకెట్‌తో సెండర్ విప్పి, అడాప్టర్‌ను ముందు చేత్తోనే ఎక్కించాలి. హోస్ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కూ ఫ్యాన్ బెల్టుకూ తగలకుండా కట్టాలి. స్టార్ట్ చేశాక ముందు లీకు చూడాలి, ఆ తర్వాతే ముల్లు. చల్లని ఇంజిన్‌లో ఆయిల్ చిక్కగా ఉండి 4, 5 బార్ చూపించడం మామూలే. దాన్ని చూసి మురిసిపోవద్దు. టెంపరేచర్ ముల్లు మధ్యకు రాగానే ఆయిల్ కూడా వేడెక్కిందనుకోవద్దు, దానికి ఇంకాస్త సమయం పడుతుంది. బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఒకసారి, 2000 ఆర్‌పీఎం దగ్గర ఒకసారి, 3000 దగ్గర ఒకసారి అంకె రాసుకోవాలి. సరైన లెక్క ఆ ఇంజిన్ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. అది చేతిలో లేనప్పుడు ప్రతి 1000 ఆర్‌పీఎంకు సుమారు 10 పీఎస్‌ఐ, అంటే 0.7 బార్, అన్న పాత లెక్క పనికొస్తుంది.

ఈ అంకెలు బాగుండి డ్యాష్‌బోర్డు ముల్లు మాత్రం పడుకుని ఉంటే ఇంజిన్ క్షేమం. తప్పు సెండర్‌లోనో, వైరులోనో, మీటరులోనో ఉంది. ఇంధనం ముల్లు, టెంపరేచర్ ముల్లు కూడా పిచ్చిగా ఊగుతుంటే మీటరు బోర్డుకు వచ్చే సప్లయి, ఎర్త్ చూడాలి. ఒక్క ఆయిల్ ముల్లే తప్పయితే సెండర్ వైరు పీకి, ఇగ్నిషన్ ఆన్ చేసి చూడాలి. సెండర్ నిరోధం (రెసిస్టెన్స్) 10 నుంచి 180 ఓమ్‌ల వరకు మారే వీడీఓ (జర్మన్ మీటర్ల బ్రాండ్) రకంలో వైరు పీకగానే ముల్లు పూర్తిగా పైకి పోవాలి, ఎర్త్‌కు తాకిస్తే సున్నాకు రావాలి. 240 నుంచి 33 ఓమ్‌ల అమెరికన్ రకంలో ఇదంతా తలకిందులు. అందుకే పక్క షెడ్డువాళ్లు చెప్పిన "వైరు తాకిస్తే ముల్లు లేవాలి" అన్న సూత్రం ఒక బండికి సరిపోయి ఇంకో బండికి సరిపోదు.

వైరును ఊరికే తాకించడం కంటే మంచి పద్ధతి ఒకటుంది. ఎలక్ట్రానిక్స్ షాపులో 47, 82, 120, 150 ఓమ్‌ల రెసిస్టర్లు, 2 వాట్‌వి, కొని ఈ కిట్ పెట్టెలోనే పడేయండి. 5 బార్ వీడీఓ మీటరు వైరుకూ ఎర్త్‌కూ మధ్య వరసగా ఒక్కొక్కటీ కలిపితే ముల్లు సుమారుగా 1, 2, 3, 4 బార్ దగ్గర ఆగాలి. ఆగితే మీటరూ వైరూ రెండూ మంచివే, మార్చాల్సింది సెండర్‌నే. ఇంత చవకగా ఇంత ఖచ్చితంగా తేల్చే పరీక్ష ఇంకోటి లేదు.

కొత్త సెండర్ వేసేటప్పుడు రెండు విషయాలు చూసుకోవాలి. 10 బార్ మీటరుకు 5 బార్ సెండర్ వేస్తే ముల్లు దాదాపు రెట్టింపు చూపిస్తుంది. 1 బార్ మాత్రమే ఉన్న ఇంజిన్ 2 బార్ ఉన్నట్టు నమ్మించడం కంటే ప్రమాదం ఇంకేముంది? రెండోది టెఫ్లాన్ టేపు. ఒకే వైరు సెండర్‌కు ఎర్త్ థ్రెడ్ ద్వారానే అందుతుంది. టేపు మందంగా చుడితే ఆ ఎర్త్ చెడి ముల్లు తప్పు చూపిస్తుంది, తెగిన టేపు ముక్క ఆయిల్ దారిలో పడే భయమూ ఉంది. మొదటి రెండు చుట్లు వదిలేసి, లిక్విడ్ సీలెంట్ పల్చగా రాస్తే చాలు.

టెస్ట్ గేజ్ కూడా తక్కువే చూపిస్తే ఇక కరెంటు జోలికి పోవద్దు. డిప్‌స్టిక్ తీసి లెవల్, పెట్రోలు వాసన చూడాలి. వేడి ఐడిల్‌లో పడిపోయి, రేజ్ చేస్తే చక్కగా లేస్తుంటే ఆయిల్ పల్చబడి ఉండాలి, లేదా బేరింగులు అరిగి ఉండాలి. ఎంత రేజ్ చేసినా లేవకపోతే రిలీఫ్ వాల్వ్ (ఎక్కువైన ప్రెషర్‌ను వదిలేసే కవాటం) తెరుచుకుని ఇరుక్కుపోయిందేమో, సంప్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) స్ట్రైనర్ మడ్డితో మూసుకుపోయిందేమో చూడాలి. ఇలాంటి బండిని "నెమ్మదిగా ఇంటిదాకా" అని నడపడం క్రాంక్ షాఫ్ట్‌ను చేజేతులా పాడుచేసుకోవడమే.

ముల్లు లేకుండా ఎర్ర దీపం మాత్రమే ఉన్న కార్లకు ఈ కిట్ అవసరం ఇంకా ఎక్కువ. ఆ దీపం స్విచ్ సాధారణంగా 0.3 నుంచి 0.5 బార్ మధ్య పనిచేస్తుంది. దీపం ఆరిందంటే ప్రెషర్ బాగుందని కాదు, బొత్తిగా లేకుండా పోలేదని మాత్రమే. ముల్లున్న ప్రతి మీటరూ నిజం చెబుతుందనీ లేదు. అమెరికాలో పాత మజ్దా మియాటా కారు కొనే మనవాళ్లు గుర్తుంచుకోవాలి: 1995 మోడల్ నుంచి అందులో ముల్లును కదిలించేది మామూలు స్విచ్చే. ప్రెషర్ కొంచెం ఉన్నా, బాగా ఉన్నా ముల్లు ఒకేచోట నిలబడుతుంది.

ఇక కిట్‌లో నచ్చనివి. క్విక్ కప్లర్‌లోని ఓ-రింగ్ వేడి ఆయిల్‌కు గట్టిపడి కారడం మొదలుపెట్టింది. విటాన్ (వేడిని, ఆయిల్‌ను తట్టుకునే రబ్బరు) ఓ-రింగ్ వేశాక ఆ బాధ పోయింది. హోస్ ఇత్తడి మొన దగ్గర బిరుసెక్కి సన్నని పగుళ్లు వస్తాయి, వాడే ముందు అక్కడ వంచి చూడాలి. అన్నిటికంటే పెద్ద లోపం డయల్‌దే. 10 బార్ డయల్‌కు 2.5 శాతం తేడా అంటే 0.25 బార్. ఐడిల్‌లో 1 బార్ చదివే చోట అది పావు వంతు తప్పు. పెట్రోలు కార్లే ఎక్కువ చూసేవాళ్లు 7 బార్ డయల్, గ్లిజరిన్ నింపినది తీసుకోవడం మంచిది. గ్లిజరిన్ వల్ల ముల్లు వణకదు. డయల్ కింద పడితే ముల్లు సున్నాకు వచ్చిందో లేదో చూసి, కంప్రెసర్ రెగ్యులేటర్‌ను 2 బార్ దగ్గర పెట్టి ఇంకో మంచి గేజ్‌తో పోల్చాకే మళ్లీ ఇంజిన్‌కు తగిలించాలి.