శ్రీకాకుళం నుంచి హైదరాబాద్‌కి విమానంలో: ఇంటి నుంచి ఇంటికి ఎంతసేపు?

విశాఖపట్నం నుంచి శంషాబాద్‌కి ఆకాశమార్గంలో దాదాపు 510 కిలోమీటర్లు. టికెట్ మీద సుమారు గంటంపావు అని ఉంటుంది. అందులో గాల్లో ఉండేది గంట లోపే. మిగతాది రన్‌వే ఎక్కడానికి, దిగాక గేటు దగ్గర ఆగడానికి పోతుంది. రెక్కలకి ఫ్యాన్లున్న ఏటీఆర్ అయితే ఇంకాస్త ఆలస్యం. దాని వేగం గంటకి 500 కిలోమీటర్ల దగ్గరే, ఎయిర్‌బస్‌ది 800 పైమాటే.

సిక్కోలు వాళ్లకి మాత్రం ఈ లెక్క చాలదు. శ్రీకాకుళం నుంచి విశాఖకే 110 కిలోమీటర్లకు పైగా ఉంది. ఆర్టీసీ బస్సు విశాఖ బస్టాండు, అదే కాంప్లెక్స్‌లో దింపుతుంది, ఎయిర్‌పోర్టేమో ఎన్‌ఏడీ జంక్షన్ దాటాక ఉంది. అంటే ఊరంతా దాటాలి. కారులో వెళ్తే ఆనందపురం దగ్గర బైపాస్ పట్టుకుని పెందుర్తి మీదుగా వెళ్లడం నయం.

మాది పొద్దున్నే ఫ్లైట్. అర్ధరాత్రి లేచి బయల్దేరితే మోకాళ్ల నొప్పులున్న అమ్మ తట్టుకోలేదు. అందుకే ముందురోజే వెళ్లి ఎన్‌ఏడీ దగ్గర ఒక లాడ్జిలో దిగాం. గది చిన్నదే, కానీ శుభ్రంగా ఉంది, లిఫ్ట్ పనిచేసింది, వేడినీళ్లు వచ్చాయి. సముద్రం చూడాలని బీచ్ రోడ్డులో దిగితే తెల్లారి టెన్షన్ తప్పదు. ముందురోజు బుక్ చేసిన క్యాబ్ మాత్రం చివరి నిమిషంలో రాలేదు. లాడ్జి కుర్రాడు ఆటో పిలిచి, అమ్మని జాగ్రత్తగా ఎక్కించాడు.

అన్నిటికంటే మెచ్చుకోవాల్సింది వీల్‌చైర్ సేవ. టికెట్ కొనేటప్పుడే అడిగాను, డబ్బులేం తీసుకోలేదు. చెకిన్, సెక్యూరిటీ, విమానం తలుపు, మళ్లీ శంషాబాద్‌లో సామాను బెల్టు, బయటి గేటు దాకా అమ్మ ఎక్కడా క్యూలో నిలబడలేదు. "రైలైతే పడుకుని పోదుం కదరా" అని బయల్దేరే ముందు గొణిగిన మనిషి, అక్కడ తోసుకెళ్లిన అమ్మాయిని దీవించి వదిలింది. శంషాబాద్ నుంచి ఊళ్లోకి పుష్పక్ బస్సులున్నాయి. సామాను పెట్టుకోవడానికి చోటుంటుంది, క్యాబ్ కంటే చాలా చవక. సికింద్రాబాద్ వైపు వెళ్లేవాళ్లు గంటంపావైనా వేసుకోవాలి.

రోడ్డు మీద మూడు గంటలు, ఎయిర్‌పోర్టులో రెండు, విమానం, సామాను, మళ్లీ సిటీ ప్రయాణం కలిపితే ఎనిమిది గంటలు. లాడ్జిలో గడిపిన రాత్రి వేరు. శ్రీకాకుళం రోడ్, అదే ఆమదాలవలస స్టేషన్‌లో సాయంత్రం ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రి నిద్రలోనే దారి గడిచిపోతుంది. ఒక్కణ్నే అయితే నేను రైలుకే ఓటేస్తాను. అమ్మ వెంట ఉంటే విమానమే.

2023లో శంకుస్థాపన జరిగిన భోగాపురం ఎయిర్‌పోర్టు మన దారిలోనే, విజయనగరం జిల్లాలో హైవే పక్కన ఉంది. అక్కడ ఎక్కే ఫ్లైట్ అయితే రోడ్డు ప్రయాణం దాదాపు సగానికి తగ్గుతుంది, లాడ్జి ఖర్చూ మిగులుతుంది.