మిర్చి యార్డు రిటర్నులు, ఫైర్‌ఫాక్స్ ట్యాబులు

గుంటూరు అరండల్‌పేటలోని మా ఆఫీసులో పనిచేసే కుర్రాడికి ఇంటర్నెట్ అంటేనే క్రోమ్. బ్రౌజర్‌కి కూడా రివ్యూ ఏంటి సార్ అని నవ్వుతాడు. రోజంతా దాని ముందే కూర్చునేవాడికి కుర్చీ ఎంతో బ్రౌజరూ అంతే. నేను ఏళ్ల తరబడి ఫైర్‌ఫాక్స్‌లోనే ఉన్నాను, ఇప్పట్లో మారే ఉద్దేశం కూడా లేదు.

అందుకు మొదటి కారణం కంటైనర్లు. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా వాళ్లే ఉచితంగా ఇచ్చే 'మల్టీ-అకౌంట్ కంటైనర్స్' అనే యాడ్-ఆన్ ఇది, అంటే బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్. నా పని జీఎస్టీ రిటర్నులు వేయడం. నా పార్టీల్లో, అంటే నాతో రిటర్నులు వేయించుకునేవాళ్లలో, ఎక్కువమంది మిర్చి యార్డు కమీషన్ వ్యాపారులు. 3బీ అనే నెలవారీ రిటర్నుకి గడువు 20వ తేదీ. ఒక పార్టీది అంతా నింపి ఓటీపీ కోసం ఫోన్ చేస్తే, సీజన్‌లో టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతున్న వేళ ఆయన ఎత్తడు. ఎత్తినా ఆ కేకల్లో అంకెలు సరిగ్గా వినపడవు. అలాగని ఇంకో పార్టీ లాగిన్ మొదలుపెడితే మామూలు బ్రౌజర్‌లో మొదటి లాగిన్ పోతుంది. కంటైనర్లలో ఆ బాధ లేదు. లాగిన్‌ని గుర్తుపెట్టుకునే కుకీలు ఒక్కో కంటైనర్‌కి విడిగా ఉంటాయి కాబట్టి, ఒకే కిటికీలో నాలుగు పార్టీల లాగిన్లు పక్కపక్కనే తెరుచుకుని ఉంటాయి. ట్యాబ్ మీద రంగు గీత ఉంటుంది, ఎవరిది ఏదో ఇట్టే తెలుస్తుంది. క్రోమ్‌లో ప్రొఫైల్స్ పెట్టుకుని ఇదే పని చేయొచ్చు, కాదనను. కానీ ప్రొఫైల్‌కో కిటికీ చొప్పున తెరిస్తే టాస్క్‌బార్ నిండిపోతుంది.

ఇక తెలుగు చదవడం. ఒకప్పుడు మన పత్రికల సైట్లు తలో సొంత ఫాంటు వాడేవి. అది మన సిస్టమ్‌లో లేకపోతే తెరమీద గుర్తులు, గీతలు తప్ప అక్షరం కనపడేది కాదు. ఆ రోజుల్లో ఫైర్‌ఫాక్స్‌కి 'పద్మ' అని ఒక యాడ్-ఆన్ ఉండేది. ఆ రాతను అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి, అంటే ఏ సిస్టమ్‌లోనైనా చదవగలిగే రాతలోకి, మార్చి చూపించేది. నన్ను ఈ బ్రౌజర్‌కి అలవాటు చేసింది అదే. 2017 నవంబరులో 57వ వెర్షన్‌తో పాత తరహా యాడ్-ఆన్లన్నీ పనిచేయడం మానేశాయి. చాలామంది అప్పుడే విసిగి క్రోమ్‌కి వెళ్లిపోయారు. అప్పటికి చాలా పత్రికలు యూనికోడ్‌లోకి వచ్చేశాయి కాబట్టి నాకు పెద్దగా లోటు తెలియలేదు. పైగా ఆ వెర్షన్ నుంచే వేగం బాగా పెరిగింది.

ఇప్పటికీ తెలుగుకి దీంట్లో ఒక సౌకర్యం ఉంది. సెట్టింగుల్లో ఫాంట్ల దగ్గర 'అడ్వాన్స్‌డ్' నొక్కి, లిపి తెలుగు అని ఎంచుకుంటే, తెలుగుకి విడిగా ఫాంటు, కనీస సైజు పెట్టుకోవచ్చు. నేను మండలి ఫాంటు పెట్టుకున్నాను. సైట్లు తమ ఫాంట్లు రుద్దకుండా అక్కడే టిక్ తీసేయొచ్చు, కాకపోతే కొన్ని సైట్లలో బొమ్మ గుర్తులు చెదిరిపోతాయి. విండోస్‌లో ఎఫ్9 నొక్కితే వచ్చే రీడర్ వ్యూ కూడా మంచిదే, పేజీలో వ్యాసం ఒక్కటే ఉంచి చూపిస్తుంది. చత్వారం వచ్చినవాళ్లకి మరీనూ.

ప్రకటనల సంగతి చెప్పక్కర్లేదు. క్రోమ్‌లో యాడ్-ఆన్లకి మేనిఫెస్ట్ వీ3 అనే కొత్త పద్ధతి వచ్చాక, ప్రకటనలు ఆపే యాడ్-ఆన్ యూబ్లాక్ ఆరిజిన్ అసలు రకం ఆగిపోయింది, లైట్ రకమే మిగిలింది. ఇక్కడ అసలుదే నడుస్తోంది. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లోనూ అదే. ఫోన్‌లో వార్త చదువుతుంటే మధ్యలో ప్రకటన దూకి వేలి కిందకి రావడం పోయింది. నాకు ఇదొక్కటే చాలు.

ఇబ్బందులు లేకపోలేదు. కొన్ని సైట్లు క్రోమ్‌లో మాత్రమే పరీక్షించి వదిలేసినట్టుంటాయి. నా ఖాతా ఉన్న ఒక బ్యాంకు పేజీలో స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ బటన్ ఎంత నొక్కినా కదలదు. తప్పు సైటుదే అనుకున్నా పని ఆగేది నాదే కదా! అందుకని రెండో బ్రౌజర్ ఒకటి ఉంచుకోక తప్పదు. మొజిల్లా మీద నాకు గుడ్డి నమ్మకమూ లేదు. దాని ఆదాయంలో ఎక్కువ భాగం బ్రౌజర్‌లో గూగుల్ సెర్చ్‌ని ముందుగా పెట్టే ఒప్పందం కింద గూగుల్ ఇచ్చేదే. వ్యాసాలు దాచుకుని తర్వాత చదువుకునే తమ పాకెట్ సర్వీసుని 2025 జులైలో మూసేశారు. అదే ఏడాది ఫిబ్రవరిలో ఫైర్‌ఫాక్స్‌కి మొదటిసారి వాడకం నిబంధనలు పెట్టారు. మీ డేటా ఎప్పటికీ అమ్మం అన్న పాత మాటను తీసేసరికి గొడవైంది. నిబంధనల మాటలు మళ్లీ రాసుకున్నారు, వివరణా ఇచ్చారు. నాకు సగమే నచ్చింది.

అందుకే ఎవరి సిస్టమ్‌లో ఇది పెట్టిచ్చినా ముందు సెట్టింగుల్లో ప్రైవసీ పేజీకి వెళ్లి, వాడకం వివరాలు మొజిల్లాకి పంపే టిక్కులన్నీ తీసేస్తాను. తర్వాత యూబ్లాక్, ఆ తర్వాత కంటైనర్లు. మా కుర్రాడి సిస్టమ్‌లో కూడా పెట్టాను. రిటర్నులకి ఇదే వాడుతున్నాడు, యూట్యూబ్‌కి మాత్రం క్రోమే తెరుస్తాడు.