సౌత్ డౌన్స్ మీద మూడు రోజులు: సుద్ద కొండలు, చెకుముకి రాళ్లు, కుళాయి వేట

వించెస్టర్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా 160 కిలోమీటర్లు. ఇంగ్లండ్ దక్షిణ తీరం పక్కగా, కొండల వీపు మీదుగా సాగే ఈ బాట పేరు సౌత్ డౌన్స్ వే. మే నెలాఖరులో నేనూ మా బావమరిదీ మూడు రోజుల్లో సైకిళ్ల మీద తొక్కాం. "రెండు రోజుల్లో కొట్టేద్దాం బావా" అన్నాడు ముందు. మ్యాప్ చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. దారిలో అన్నిటికన్నా ఎత్తైన బట్సర్ హిల్ కూడా 270 మీటర్లే. తిరుమల మెట్లెక్కినవాడికి అదొక లెక్కా? కానీ దిగడం, ఎక్కడం, మళ్లీ దిగడం... ఎక్కుళ్లన్నీ కలిపితే దాదాపు 4,000 మీటర్లు తేలుతుంది. రెండో రోజు మధ్యాహ్నం నుంచి మావాడు ఆ ఊసే ఎత్తలేదు.

ఈ బాటనే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇంగ్లండ్ పల్లెల్లో కనిపించిన ప్రతి కాలిబాట మీదా సైకిల్ తొక్కడానికి వీల్లేదు. పసుపు బాణం ఉంటే నడిచేవాళ్లకే. నీలం బాణం ఉంటే గుర్రాల బాట. 1968లో వచ్చిన చట్టం దాని మీద సైకిళ్లను కూడా రానిచ్చింది. కాకపోతే నడిచేవాళ్లకీ గుర్రాలకీ మనమే దారి ఇవ్వాలి. సౌత్ డౌన్స్ వేలో ఆ చివర నుంచి ఈ చివర దాకా సైకిల్‌కి దారి ఉంది. ఈస్ట్‌బోర్న్ దగ్గర మాత్రం సముద్రపు అంచున వెళ్లే పాయ నడిచేవాళ్లది, లోపలి పాయ మనది. గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది కాబట్టి పడమర నుంచి తూర్పుకి తొక్కడమే తెలివైన పని. గాలి వీపున తోస్తుంటే రోజుకో గంట కలిసొచ్చినట్టే.

మొదటి రోజు గురించి పెద్దగా చెప్పను. వించెస్టర్ దాటాక పొలాలు, కంచెలు, మధ్యమధ్యలో తారు రోడ్డు. బాగున్నాయి, అంతే. ఓల్డ్ వించెస్టర్ హిల్ మీద ఇనుప యుగం నాటి కోట గట్టు ఎక్కి కూర్చుని పులిహోర తిన్నప్పుడే అసలు యాత్ర మొదలైనట్టు అనిపించింది. క్వీన్ ఎలిజబెత్ కంట్రీ పార్క్‌లో కెఫే, టాయిలెట్లు ఉన్నాయి. సీసాలు నింపుకోవడానికి ఇది మంచి చోటు.

అసలు నీళ్ల సంగతి అర్థమైతే ఈ యాత్ర సగం అర్థమైనట్టే. ఈ కొండలన్నీ సుద్ద. పడ్డ వాన పడ్డట్టే లోపలికి ఇంకిపోతుంది. పైన వాగూ లేదు, చెరువూ లేదు. ఇంకిన నీళ్లు కొండ అడుగున ఊటలుగా బయటికొస్తాయి. అందుకే పాతకాలం ఊళ్లన్నీ ఆ ఊటల వరసలోనే వెలిశాయి. అంటే పైన బాట, కింద ఊరు. టీ తాగాలన్నా, పడుకోవాలన్నా 100, 150 మీటర్లు దిగాలి. పొద్దున్నే చల్లని కాళ్లతో అంతా మళ్లీ ఎక్కాలి. దారి పొడవునా అక్కడక్కడా యాత్రికుల కోసం కుళాయిలు పెట్టారు. కాకింగ్, బొటాల్ఫ్స్, సాడిల్స్‌కూమ్, సౌతీజ్ దగ్గర ఉన్నవి మ్యాప్ మీద ముందే గుర్తు పెట్టుకోండి. మనిషికి మూడు లీటర్లు మోయండి, బరువని సణగకండి.

మొదటి రాత్రి మేం చేసిన తప్పు కూడా ఈ దిగడమే. కొండ కింద ఒక ఊళ్లో పబ్ మీది గది బుక్ చేశాం, ఇద్దరికీ 110 పౌండ్లు. ఎనిమిది దాటి పది నిమిషాలకి చేరాం. వంటగది ఎనిమిదికే మూసేశారట. చిప్స్ ప్యాకెట్లు రెండు, వేయించిన పల్లీలు ఒకటి ఇచ్చారు. మా బావమరిది శాకాహారి, "తినడానికి ఇదైనా ఉంది లే" అని మా చెల్లెలు కట్టిచ్చిన ఆవకాయలో చిప్స్ ముంచుకుని తిన్నాడు. సైకిళ్లు వెనక పెరట్లో బీరు పీపాల పక్కన, పైన కప్పు లేకుండా. రాత్రి జల్లు పడింది. టిఫిన్ ఎనిమిదిన్నరకి గానీ పెట్టరు. గది శుభ్రంగా ఉంది, పరుపు మెత్తగా ఉంది, పబ్ నడిపే అమ్మ మంచిగానే మాట్లాడింది. కానీ సైకిల్ వాళ్లకి కావాల్సింది పరుపు కాదు: తాళం వేసే కొట్టం, ఆలస్యంగానైనా వేడి అన్నం, తెల్లారగానే బయటపడే వీలు. బుక్ చేసేముందు ఫోన్ చేసి ఈ మూడూ అడగండి.

ఆ జల్లు ఎంత పని చేసిందో రెండో రోజు తెలిసింది. ఎండలో సుద్దబాట సిమెంటు రోడ్డులా గట్టిగా ఉంటుంది. తడిస్తే సబ్బు. దిగుడులో ముందు చక్రం ఎటు పోతుందో దానికే తెలియదు. అందులో మావాడి సైకిల్ అద్దెది. తీసుకున్నప్పుడు షాపు ముందు రెండు రౌండ్లు కొట్టి సరే అన్నాడు. మొదటి పెద్ద దిగుడులో వెనక బ్రేక్ కీచుమంది, చూస్తే ప్యాడ్ అరిగి ఇనుము కనబడుతోంది. అద్దెకి తీసుకునేటప్పుడు చక్రం విప్పించి ప్యాడ్లు కళ్లతో చూడాలని అప్పుడే నేర్చుకున్నాం.

ఇక చెకుముకి రాళ్లు. సుద్ద అరిగిపోతుంది గానీ అందులోని చెకుముకి అరగదు, పగిలి బ్లేడులా పైకి తేలుతుంది. బిగ్నర్ హిల్ దగ్గర, రోమన్ల కాలపు రోడ్డు బాటని దాటేచోట, నా వెనక టైరు ఉస్సుమంది. తిరగేసి చూస్తే గోరంత నల్లరాయి, గాజుముక్కలా మెరుస్తూ, రబ్బర్లో సగం దిగి ఉంది. వేలితో లాగబోతే వేలే తెగింది. పిన్నీసుతో తవ్వి తీశాం. కొత్త ట్యూబు వేసినా ఆ చీలికలోంచి ఉబ్బి బయటికొస్తోంది. ఎనర్జీ బార్ రేపర్ మడిచి లోపల అడ్డం పెడితే ఈస్ట్‌బోర్న్ దాకా నిలిచింది. మూడు రోజుల్లో నాకు మూడు పంక్చర్లు. ట్యూబ్‌లెస్ టైర్లున్న మావాడికి ఒక్కటీ లేదు. అద్దె సైకిల్ చేసిన మంచి అదొక్కటే.

ఆంబర్లీ దగ్గర ఆరన్ నది దాటాక మాత్రం అన్నీ మర్చిపోయాం. ఎడమ చేతివైపు వీల్డ్ లోయ అంతా పచ్చని గళ్ల దుప్పటి, కుడివైపు దూరంగా సముద్రపు గీత, మధ్యలో గొర్రెలు కొరికి నున్నగా చేసిన గడ్డి. చాంక్టన్‌బరీ రింగ్ మీద 1760లో నాటిన బీచ్ అనే జాతి చెట్ల వలయం 1987 తుఫానులో చాలావరకు కూలిపోయింది. ఇప్పుడున్నవి చాలావరకు తర్వాత నాటినవి. ఒక్కటే విసుగు: గేట్లు. ప్రతి గేటు దగ్గరా గొళ్లెం తియ్యి, సైకిల్ దాటించు, గొర్రెలు రాకుండా మళ్లీ వెయ్యి. 40 దాకా లెక్కపెట్టి మానేశాను.

రెండో రాత్రి ట్రూలీ హిల్ యూత్ హాస్టల్. ఇది కొండ మీదే, బాట పక్కనే ఉంది. దిగక్కర్లేదు, పొద్దున్నే ఎక్కక్కర్లేదు. ఆ ఒక్క కారణానికే నేను దీనికి మార్కులన్నీ వేసేస్తాను. వంటగది వాడుకోవచ్చు కాబట్టి అన్నం, పప్పు వండుకున్నాం. పబ్ గదికి పెట్టినదాంట్లో సగం కూడా కాలేదు. కిటికీ బయట రాత్రంతా గాలి హోరు, తలగడ పల్చన. అయినా మళ్లీ వెళ్తే ముందు బుక్ చేసేది ఇదే.

మూడో రోజు జాక్, జిల్ అనే జంట గాలిమరలు దాటాక బాట వదిలి దక్షిణంగా రెండు మూడు కిలోమీటర్లు పక్కకి వెళ్లాం. అక్కడుంది ఛత్రి అనే స్మారకం. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ భారత సైనికులకి దగ్గర్లోని బ్రైటన్‌లో, రాయల్ పెవిలియన్ అనే పాత రాజభవనంతో సహా, ఆసుపత్రులు నడిపారు. చనిపోయిన హిందూ, సిక్కు సైనికులు 53 మందిని ఈ కొండ మీదే దహనం చేశారు. చితి పేర్చిన చోట రాతి పలకలు, వాటి వెనక తెల్లని పాలరాతి గుమ్మటం. 1921 ఫిబ్రవరి 1న ఆవిష్కరించారు. కారు రోడ్డు ఇక్కడి దాకా రాదు, నడిచో సైకిల్ మీదో రావాలి. మేం వెళ్లేసరికి ఒక ముసలాయన కుక్కతో వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు, మేం ముగ్గురమే. మా బావమరిది హెల్మెట్ తీసి, పేర్లున్న రాయి ముందు నిలబడి ఒక్కొక్కటీ పైకి చదివాడు. మొత్తం 53. నేను తొందరపెట్టలేదు.

అక్కడ గడిపిన గంట వల్ల ఆ తర్వాత పరుగెత్తాల్సి వచ్చింది. డిచ్లింగ్ బీకన్ కొండ మీద ఐస్‌క్రీం బండి, బోలెడు కార్లు, ఆగలేదు. సౌతీజ్ దగ్గర ఊజ్ నది దాటి ఎక్కే ఇట్‌ఫర్డ్ హిల్ మొత్తం యాత్రలో నన్ను బాగా ఏడిపించింది, సగం తోసుకుంటూనే ఎక్కాను. ఆల్‌ఫ్రిస్టన్‌లో కేకు, టీ. చివరి కొండ మీంచి ఈస్ట్‌బోర్న్ ఇళ్లు, సముద్రం ఒక్కసారిగా కనిపించాయి.

ఒక్కరోజే వీలైతే ఆంబర్లీలో రైలు దిగి సౌతీజ్‌లో రైలెక్కండి. రెండు స్టేషన్లూ బాట పక్కనే, మధ్య 50 కిలోమీటర్ల పైన ఉంటుంది. ఈ బాటలో అందమంతా ఆ ముక్కలోనే ఉంది.

తిరుగు ప్రయాణం మాత్రం ఆదివారం పెట్టుకోకండి. మేం స్టేషన్‌కి చేరేసరికి పట్టాల పని, రైలు బదులు బస్సు. బస్సులో సైకిళ్లు ఎక్కించరు. ఇంకో ఏడెనిమిది కిలోమీటర్లు తొక్కి పోలిగేట్‌లో రైలు పట్టుకున్నాం. బోగీలో మేం నిలబడ్డ చోట నేలంతా తెల్లటి ముద్రలు. "సంక్రాంతికి సున్నం వేసినట్టుంది బావా" అని మావాడు కాగితం రుమాళ్లతో తుడవడం మొదలుపెట్టాడు. లండన్ వచ్చేదాకా తుడుస్తూనే ఉన్నాడు.