బొమ్మల పెట్టెలకు కవర్: పీవీసీనా, పెట్‌నా?

పెట్టె తెరవకుండా దాచుకునే బొమ్మలకి కవర్లు ఇంట్లోనే చేసుకుందామనుకుంటే ముందు తేల్చుకోవాల్సింది షీటు సంగతి. చూడ్డానికి పీవీసీ, పెట్ (నీళ్ల సీసాలు చేసే పీఈటీ) అనే రెండు రకాల పారదర్శక ప్లాస్టిక్ షీట్లూ ఒకేలా ఉంటాయి, కొత్తలో అయితే తేడా అస్సలు తెలీదు.

పీవీసీతో పని సులువు, గీత గీసి మడిస్తే మాట వింటుంది, ద్రావకం జిగురుతో అంచులు గట్టిగా అతుక్కుంటాయి. కానీ దాన్ని మెత్తబరచడానికి కలిపే ప్లాస్టిసైజర్లు ఏళ్లు గడిచేకొద్దీ బయటికి వచ్చి పెట్టె మీది అచ్చుకి జిగటగా అంటుకుంటాయి, పైగా వేడికీ ఎండకీ పీవీసీ పసుపెక్కుతుంది, ఆమ్లం కూడా వదులుతుంది. కాపాడాల్సిన కవరే పెట్టెని పాడుచేస్తే ఇంకెందుకు? గట్టి పీవీసీలో ప్లాస్టిసైజర్ గొడవ తక్కువే గానీ, ఏళ్ల తరబడి ఉంచే వాటికి నేనైతే అదీ వాడను.

పెట్‌లో ఆ బెడద లేదు, దానికి ప్లాస్టిసైజర్ అక్కర్లేదు. కాకపోతే కాస్త మొండి ఘటం, మొద్దు మొనతో గీత నొక్కకుండా మడిస్తే వంకర పోతుంది, మామూలు జిగురు సరిగ్గా పట్టదు, అందుకే అంచుల్ని ఒకదాన్లో ఒకటి దూర్చే నాలుకల్లా కత్తిరించడం మేలు. చిన్న పెట్టెకి 0.35 మి.మీ. మందం చాలు, పెద్దదైతే 0.5. షీటుకి రెండు వైపులా అంటించి ఉండే పల్చటి రక్షణ పొరని చివర్లోనే తీయండి, లేదంటే వేలిముద్రలు తుడుచుకుంటూ కూర్చోవాలి.

అన్నట్టు, మామూలు పెట్ ఎండలోని యూవీ (అతినీలలోహిత) కిరణాల్ని పూర్తిగా ఆపదు, కవర్ వేశాం కదా అని కిటికీ పక్కన పెట్టకండి.