డ్రిప్పర్ మూత ఊడి రావాలి: నల్గొండ డాబా మీద పూలకుండీలకు డ్రిప్ కిట్

డాబా మీద పూలకుండీలకు డ్రిప్ కిట్ కొనేవాళ్లు టైమర్ చూస్తారు, పైపు పొడవు చూస్తారు, ఎన్ని కుండీలకు సరిపోతుందో చూస్తారు. నేను మాత్రం ముందు డ్రిప్పర్ చూడమంటాను. పైపులోంచి కుండీలోకి నీళ్లను చుక్కచుక్కగా వదిలే, గుండీ అంత ఉండే ఆ ప్లాస్టిక్ బిళ్ల మూత చేత్తో తిప్పితే ఊడి రావాలి. ఊడి రాకపోతే, మీది కూడా మాలాగా బోరు నీళ్ల ఇల్లే అయితే, ఆ కిట్ ఎంత చవకగా దొరికినా వద్దు. కొన్ని ఎండాకాలాలు వాడాక, నా గులాబీలు, చామంతులు పడ్డ పాట్లు చూశాక చెబుతున్న మాట ఇది.

కిట్ ఎలా బిగించాలో ఇక్కడ రాయను, అది అందరికీ తెలిసిందే. మొదటి ఏడాది నేను మురిసిపోయింది టైమర్‌ను చూసి. మా ట్యాంకు డాబా మీద చిన్న దిమ్మె మీదే ఉంటుంది. పది మీటర్ల ఎత్తు నుంచి దిగితే గానీ నీళ్లకు కిలో ప్రెషర్ (చదరపు సెంటీమీటరుకు ఒక కిలో) రాదు, మాకు ఉన్న ఎత్తు మీటరున్నర. సొలినాయిడ్ వాల్వ్, అంటే కరెంటు అయస్కాంతంతో తెరుచుకునే వాల్వ్, ఉన్న టైమర్లు చాలావరకు అంత తక్కువ ప్రెషర్‌కు సరిగా పనిచేయవు. లోపల చిన్న మోటారు బాల్ వాల్వ్‌ను తిప్పే రకానికి ఆ ఇబ్బంది లేదు, అదే తీసుకున్నాను. తెల్లవారుజామున ఐదింటికి నీళ్లు వదులుతుంది. సాయంత్రం పెట్టుకోవడం మాకు కుదరదు. మే నెలలో స్లాబు మీద పరిచిన నల్ల పైపులో నీళ్లు పొద్దుగూకాక కూడా చేయి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. అవి నేరుగా వేళ్ల మీద పడితే మొక్క ఏమవుతుంది? తెల్లవారేసరికి పైపు చల్లబడి ఉంటుంది.

అప్పట్లో మా గల్లీలో అడిగినవాళ్లందరికీ చెప్పాను, ఇది ఉంటే ఊరికి నిశ్చింతగా వెళ్లొచ్చని. ఇప్పుడు ఆ మాట అంత గట్టిగా అనడం లేదు.

ఎండలు ముదిరిన మే నెలలో దేవరకొండ వైపు బంధువుల ఇంట్లో పెళ్లికి వెళ్లి కొన్నాళ్లు అక్కడే ఉండాల్సి వచ్చింది. వెళ్లే ముందు కొత్త బ్యాటరీలు వేశాను, ట్యాంకు నింపాను, ఫిల్టర్ కడిగాను. తిరిగొచ్చి డాబా ఎక్కితే గులాబీ కొమ్మలు ఎండుపుల్లలైపోయి ఉన్నాయి. చామంతి తల్లి మొక్కల్లో సగానికి పైగా పోయాయి. చలికాలం పూలకు పిలకలు తీసుకోవాల్సింది ఆ మొక్కల నుంచే కాబట్టి ఆ ఏడాది చామంతి అప్పుడే పోయినట్టు. టైమర్ చూస్తే దానిలో తప్పేమీ లేదు, పొద్దున ఐదింటికి తెరుచుకున్నట్టు చూపిస్తోంది. ట్యాంకులో నీళ్లున్నాయి. పైపు చివరి మూత తీస్తే నీళ్లు ధారగా వచ్చాయి. కుండీల్లోకి మాత్రం చుక్క రావడం లేదు. డ్రిప్పర్ల మూతి దగ్గర తెల్లగా, గట్టిగా, పాత బిందె అడుగున పేరుకునే పొర లాంటిది పట్టి ఉంది.

కిట్‌తో వచ్చినవి రెండు సగాలు అతికించేసిన డ్రిప్పర్లు. గుండుసూదితో పొడిస్తే మూతి తెరుచుకుంది గానీ లోపల నీళ్లు వంకర్లు తిరిగే సన్నదారి మూసుకుపోయే ఉంది. ఆ దారి దాకా సూది పోదు. కంపెనీకి ఫోన్ చేస్తే ఫిల్టర్ పెట్టుకోమన్నారు. ఫిల్టర్ ఉందని చెప్పాను. అయితే మంచి నీళ్లు వాడమన్నారు. నాకు కోపం వచ్చింది అక్కడే. ఎండలు మండే ఊళ్లలో, బోర్ల మీద బతికే ఊళ్లలో అమ్ముతున్న వస్తువు అది. ఆ నీళ్లకు పనికిరాకపోతే ఆ సంగతి డబ్బా మీద రాయాలి కదా.

మా నీళ్లు అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. అది నిజమే. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని హద్దు ఉంటే, ఈ జిల్లాలో దానికి ఎన్నో రెట్లు ఎక్కువ ఉన్న నీళ్లు తాగి తరాలు నడుములు వంగిపోయాయి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేస్తే దానికి నల్గొండ టెక్నిక్ అని పేరు పెట్టారు. ఇప్పుడు తాగడానికి కృష్ణా నీళ్లు నల్లాలో వస్తున్నాయి. మొక్కలకు మాత్రం బోరే గతి. అయితే డ్రిప్పర్‌ను మూసేసింది ఫ్లోరైడ్ కాదు, నీళ్లలో కరిగి ఉన్న సున్నం. నీళ్లు ఆగాక డ్రిప్పర్‌లో మిగిలిన చుక్క ఎండకు ఆవిరైపోతుంది, దానిలోని సున్నం అక్కడే గడ్డకడుతుంది. నీళ్లు వేడెక్కినకొద్దీ సున్నం ఇంకా తొందరగా విడిపోతుంది. అంటే డ్రిప్ మీద మనం ఎక్కువగా ఆధారపడే మే నెలలోనే అది ఎక్కువగా మూసుకుపోతుంది.

ఇది నాకు అర్థమైంది ఊళ్లో డ్రిప్ పైపులు అమ్మే ఒక షాపులో. మా జిల్లా బత్తాయి తోటలకు పేరున్నది కదా, ఆ షాపులకు వచ్చేది ఎక్కువగా తోటల రైతులే. మూసుకుపోయిన డ్రిప్పర్లను కవర్లో వేసుకుపోయి కౌంటర్ మీద పోశాను. షాపతను ఏదో అనేలోపే పక్కన నిలబడ్డ, మా జిల్లా నాంపల్లి వైపు పెద్దాయన ఒకటి తీసి వెలుగుకు పెట్టి చూశాడు.

"సున్నం పట్టింది బిడ్డా."

"ఫిల్టర్ ఉంది పెద్దయ్యా, ఐనా పట్టింది."

"ఫిల్టర్ మట్టిని ఆపుతది. సున్నం నీళ్లల్ల కరిగి ఉంటది, దాన్ని ఏ జాలి ఆపదు. మేం తోటకైతే పైపుల్ల యాసిడ్ ఎక్కిస్తం. నీ కుండీలకు గదంత ఎందుకు? విప్పే డ్రిప్పర్లు తీస్కపో, నిమ్మ ఉప్పుల నానబెట్టు."

తీసుకొచ్చాను. ఒక్కోటి ఐదు రూపాయల లోపే. మూత పట్టుకుని తిప్పితే చిటుక్కుమని ఊడుతుంది, లోపలి దారి మొత్తం కంటికి కనిపిస్తుంది. మగ్గు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేసి, విప్పిన డ్రిప్పర్లు దానిలో పడేస్తాను. సున్నం ఉంటే సన్నని బుడగలు లేస్తాయి. రాత్రంతా నానబెట్టి, పొద్దున పాత టూత్‌బ్రష్‌తో ఒకసారి తోమి, మంచి నీళ్లతో కడిగితే కొత్తవాటిలా తయారవుతాయి. బుడగలు రాకుండా పచ్చటి జిగురు కనిపిస్తే అది నాచు. కిట్‌తో ఇచ్చిన సన్న ట్యూబులు తెల్లవి, వెలుతురు లోపలికి వెళ్లి నాచు పెరిగేది. వాటినీ తీసేసి నల్ల ట్యూబులు వేశాక నాచు బాధ తగ్గింది. ఇంత చిన్న వస్తువు మీద నాకు ఇంత ఇష్టం కలుగుతుందని అనుకోలేదు. ఎండాకాలం మొదలవగానే ఆదివారం పొద్దున్నే డ్రిప్పర్లు విప్పుకుని కూర్చోవడం ఇప్పుడు నాకు నచ్చిన పని.

ఆ మేలో ఎండిపోయిన వాటిలో ఏవి బతికాయో కూడా చెప్పాలి. కుండీ మట్టి పూర్తిగా ఎండితే అంచు వదిలేసి ముడుచుకుంటుంది, పైన పోసిన నీళ్లు పక్క సందులోంచి జారిపోతాయి. అందుకే కుండీలను ఒక్కొక్కటిగా టబ్బు నీళ్లలో దించి, బుడగలు ఆగేదాకా ఉంచాను. గుండుమల్లెలు ఆకంతా రాల్చినా, ఎండిన కొమ్మలు కత్తిరించేస్తే తొలకరికి మొదలు నుంచి చిగురు పెట్టాయి. మల్లెకు ఉన్న మొండితనం మరే పూలమొక్కలో చూడలేదు. గులాబీల్లో కొన్ని చిగురించాయి గానీ అంటు కింది నుంచి వచ్చిన నాటు కొమ్మలు అవి. పైన ఉన్న రంగుల గులాబీ పోయింది.

విప్పే డ్రిప్పర్లకూ లోపాలున్నాయి. పదే పదే విప్పితే మూత పట్టు వదులై పక్క నుంచి కారుతుంది. ఎండకు ప్లాస్టిక్ పెళుసై చిట్లుతుంది. గంటకు నాలుగు లీటర్లని రాసి ఉన్నా అది కిలో ప్రెషర్ ఉన్నప్పటి లెక్క, మా ట్యాంకు ఎత్తుకు అంత రాదు. గ్లాసు పెట్టి ఎంత పడుతుందో చూసుకుని టైమర్ సమయం పెంచాను. ఆ టైమర్ కూడా మిట్టమధ్యాహ్నం తెర నల్లబడి అంకెలు కనిపించడం లేదు, దాని మీద అట్టముక్క నీడ కట్టాల్సి వచ్చింది. పని మాత్రం ఆపలేదు.

ఇంకొకటి, డ్రిప్ సరిగ్గా నడిచినా బోరు నీళ్ల గుణం మారదు. సున్నం నీళ్లు పోసీ పోసీ మట్టిలో ఇనుము మొక్కకు అందదు. నూరువరహాలు, గులాబీల లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు పట్టేది అందుకే. వాటికి వాన నీళ్లు పట్టి పెట్టుకుని మగ్గుతో పోస్తాను. గ్లాడియోలస్, స్పైడర్ ప్లాంట్ ఫ్లోరైడ్‌ను తట్టుకోలేవు, ఆకు కొసలు మాడతాయి. వాటికీ వాన నీళ్లే. అప్పుడప్పుడు ప్రతి కుండీకీ అడుగు రంధ్రంలోంచి ధారగా కారేదాకా నీళ్లు పోస్తే పేరుకున్న ఉప్పు కొంత కొట్టుకుపోతుంది. డ్రిప్ ఒక్కదానితో అది జరగదు.

బంతికి, పట్టుకుచ్చులకు మాత్రం డ్రిప్ చాలా బాగుంది. వానాకాలం మొదట్లో విత్తి, వానకూ వానకూ మధ్య ఎండ కాసిన రోజుల్లో దీన్ని నడిపిస్తే బతుకమ్మ నాటికి కుండీల నిండా పూలు. తంగేడు, గునుగు బయటి నుంచే తెస్తాం, మిగతావి మా డాబా మీదివే.

కొనమంటారా అంటే, అది మీ ఇంటిని బట్టి ఉంటుంది. మాకు మోకాళ్ల నొప్పులున్నాయి, కుండీలు చాలా ఉన్నాయి, డాబా పడమటి ఎండకు ఎదురుగా ఉంది, కాబట్టి నాకు డ్రిప్ తప్పదు. పదీ పదిహేను కుండీలుంటే మగ్గే మేలు. మీ నీళ్లు సున్నం లేనివైతే అతికించిన డ్రిప్పర్లు కూడా ఏళ్ల తరబడి నడుస్తాయేమో, నాకు ఆ అనుభవం లేదు. మే నెలలో ఊరికి వెళ్లాల్సి వస్తే రెండు రోజులకు దీన్ని నమ్ముతాను. అంతకు మించితే పక్కింటి వదినకు తాళంచెవి ఇచ్చి, పొద్దున ఐదింపావుకు ఒకసారి డాబా ఎక్కి చుక్క పడుతోందో లేదో చూడమని చెప్పి వెళ్తున్నాను.