సాయర్ స్క్వీజ్: విడతకీ విడతకీ మధ్య అటక మీద పాడయ్యే ఫిల్టర్

పొడవాటి కొండదారిని ఏటా ఒక ముక్క చొప్పున ఒంటరిగా నడిచేవాళ్లకు సాయర్ స్క్వీజ్ అనే చేతి నీళ్ల ఫిల్టర్ మంచి ఎంపిక. బరువు దాదాపు 85 గ్రాములు. లోపల సన్నటి బోలు గొట్టాల కట్ట, వాటి గోడల్లో 0.1 మైక్రాన్ రంధ్రాలు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). నీళ్ల ద్వారా విరేచనాలు తెచ్చే పరాన్నజీవుల్లో జియార్డియా సిస్టులు (గట్టి పొరలో ఉండే దాని రూపం) 8 నుంచి 12 మైక్రాన్లు, క్రిప్టోస్పోరిడియం 4 నుంచి 6. అవీ, బ్యాక్టీరియా కూడా ఇక్కడే ఆగిపోతాయి. వైరస్‌లు, పురుగుమందులు, లోహాలు మాత్రం దాటి వచ్చేస్తాయి. కాబట్టి ఊళ్ల దిగువన పారే నీళ్లకు ఇదొక్కటే చాలదు.

దారంతా ఒకే ఊపులో నడిచేవాళ్ల ఫిల్టర్ రోజూ తడుస్తుంది, తరచూ కడుగుతారు. విడతలుగా నడిచేవాళ్లది వారం పనిచేసి పది నెలలు అటక మీద ఉంటుంది. చాలా ఫిల్టర్లు అక్కడే మొరాయిస్తాయి. లోపల మిగిలిన నీరు ఆరేకొద్దీ అందులోని సున్నం రంధ్రాల్లో గట్టిపడుతుంది, బురద అట్టకడుతుంది.

ఇంటికి రాగానే సిరంజిలో శుభ్రమైన నీళ్లు నింపి, నీళ్లు బయటికొచ్చే కొనకు ఆనించి బలంగా వెనక్కి కొట్టాలి. మెల్లగా నొక్కితే ఉపయోగం లేదు. నీళ్లు తెరిచున్న గొట్టాల గుండా జారిపోతాయి, మూసుకున్నవి అలాగే ఉంటాయి. వచ్చే నీళ్లు తేటబడ్డాక కూడా మరో రెండు మూడుసార్లు కొట్టండి. తర్వాత లీటరు నీళ్లలో మూతెడు వాసనలేని బ్లీచ్ కలిపి ఫిల్టర్ గుండా పంపాలి. కుళాయి నీళ్లలో సున్నం ఎక్కువైతే చివరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తో చేయడం మేలు. బాగా విదిలించి, రెండు మూతలూ తీసి, నీడలో గాలి తగిలేచోట రోజుల తరబడి ఆరనివ్వాలి. పైన పొడిగా ఉందని మూత బిగించేస్తే లోపల బూజు పడుతుంది.

మళ్లీ బయల్దేరే ముందు, కనీసం వారం ఉండగానే, వేడినీళ్లలో అరగంట నానబెట్టి వెనక్కి కొట్టండి. నీళ్ల వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. అప్పటికీ ధార సన్నగా ఉంటే తెల్ల వెనిగర్‌లో అరగంట ఉంచి కడగాలి. ఫిల్టర్ కొత్తగా ఉన్నప్పుడే లీటరు నీళ్లు దిగడానికి పట్టిన సమయాన్ని దాని మీద మార్కర్‌తో రాసుకుంటే, తర్వాత ఎంత నెమ్మదించిందో అంకెల్లో తెలుస్తుంది. మూడింతలు పడుతుంటే దాన్ని కొండకు తీసుకెళ్లొద్దు.

అసలు ప్రమాదం గడ్డకట్టడం. సెలవు దొరికినప్పుడే బయల్దేరేవాళ్లకు ఋతువును ఎంచుకునే వీలు తక్కువ కదా. ఒకసారి తడిసిన ఫిల్టర్ గడ్డకడితే గొట్టాలు చిట్లుతాయి. పైకి ఏమీ కనిపించదు, నీళ్లు మునుపటిలాగే వస్తాయి. గడ్డకట్టిందన్న అనుమానం వచ్చినా పారేయాల్సిందే. తడి ఫిల్టర్‌లోకి నోటితో ఊదితే గాలి అవతలికి వస్తోందంటే చెడినట్టే. రానంత మాత్రాన బాగున్నట్టు కాదు. రాత్రి జిప్ కవర్లో పెట్టి స్లీపింగ్ బ్యాగ్‌లో, చలి పగళ్లలో చొక్కా లోపలి జేబులో ఉంచుకోండి. లక్ష గ్యాలన్లు, అంటే సుమారు 3,78,000 లీటర్లు వడకడుతుందన్న మాట ప్యాకెట్‌కే పరిమితం. అంతదాకా రాకముందే చలి గానీ సున్నం గానీ దాని పని పట్టేస్తుంది.

మురికినీళ్లు నింపి ఫిల్టర్‌కు బిగించి పిండడానికి దానితో వచ్చే పౌచ్ (మెత్తటి సంచి) దీనిలో బలహీనమైన భాగం. ఫిల్టర్ మూసుకుపోయేకొద్దీ గట్టిగా పిండుతాం, అతుకు దగ్గర చిట్లుతుంది. 28 మిల్లీమీటర్ల మరలున్న మామూలు నీళ్ల సీసా దీనికి సరిగ్గా పడుతుంది. మురికినీళ్ల సీసాకు రంగు టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. సీసా బిగించేచోట ఉండే రబ్బరు వాషర్ మీద కన్నేసి ఉంచాలి. అది సీసా మూతికి అంటుకుని ఊడిపోతుంటుంది. లేకపోతే వడకట్టని నీళ్లు పక్కనుంచి కారి మంచినీళ్ల సీసాలో పడతాయి. బురదనీళ్లనైతే కాసేపు తేరనిచ్చి, పైనీళ్లు గుడ్డలోంచి వంచుకోవాలి.

ఒంటరిగా వెళ్తే అరువడగడానికి పక్కన ఇంకో ఫిల్టర్ ఉండదు. రెండు రోజులకు సరిపడా క్లోరిన్ డయాక్సైడ్ బిళ్లలు తప్పక పెట్టుకోండి. క్రిప్టోస్పోరిడియం చావాలంటే బిళ్ల వేశాక నాలుగు గంటలు ఆగాలి. అందుకని రాత్రి పడుకునే ముందు వేసుకుంటే పొద్దునకు నీళ్లు సిద్ధం. నాలుగైదు రోజుల విడతకు సిరంజి మోయనక్కర్లేదు. పైకి లాగే మూత ఉన్న మంచినీళ్ల సీసాను ఫిల్టర్ కొనకు ఆనించి పిండినా వెనక్కి కొట్టుకోవచ్చు.